పన్ను తీసిన గుంట

"...అంటే, ఇన్నేళ్ళూ నిజం చెప్పిన ఆయన నాలుక, నువ్వొచ్చాక అబద్ధాలు చెప్పడం మొదలెట్టిందంటావు."

"నేనలా అన్లేదు మేస్త్రీగారూ. ఆ టీలో కుళ్ళు వాసన లేదన్నాను. అంతే."

"రెండూ ఒకటే అమ్మాయీ. ఛీగారు ఛీ అన్నారు. దాని మీద ఇంక అప్పీలు లేదు. బస్తాలన్నీ వాకిట్లో పడేయించాను. లారీ వస్తుంది, వెనక్కి పోతాయి. నీకంత అనుమానంగా ఉంటే పోయి ఆయన్నే అడుగు."

"అడగలేకే కదా ఇక్కడ మీతో గొడవపడుతున్నాను."

గోదాము మేస్త్రీతో తన దగ్గర పని నేర్చుకునే అమ్మాయి వాదించడం విని, తలుపవతల చేతులు కడుక్కుంటున్న ఛీగారు కుళాయి కట్టేశాడు. తన వెనకాల తనని అలా పిలుస్తారని ఆయనకి ఎప్పట్నించో తెలుసు. అందుకు బాధపడలేదు సరికదా, లోపల్లోపల కాస్త మురిసేవాడు కూడా. ఆ టీ కంపెనీలో రుచి చూసే గది ఆయనది. ఆ గదిలో ఆయన వాడేవి మూడే మాటలు. "ఊఁ" అంటే కొనొచ్చు. "సర్లే" అంటే వేరే టీలో కలిపి ఎలాగో గట్టెక్కించొచ్చు. "ఛీ" అంటే వచ్చిన దారినే వెనక్కి. మూడోది అనేటప్పుడు ఆయన ముక్కు దగ్గర రెండు గీతలు పడేవి. అవి ఎంత లోతుగా పడ్డాయో చూసి, ఆ టీ ఎంత చెడ్డదో గోదాము మేస్త్రీ చెప్పేసేవాడు.

అసహ్యించుకోవడానికి జీతం తీసుకునే మనిషి ఇంటికొచ్చాక మాత్రం ఎలా మారతాడు? మంచినీళ్ళ గ్లాసు ముందు వాసన చూసి తర్వాతే తాగేవాడు. దిండు గలీబు వాసన చూసి తర్వాతే తల వాల్చేవాడు. "మీతో కాపురం అంటే రోజూ పొద్దున్నే పరీక్ష రాసినట్టుంటుందండీ" అనేది భార్య. వాసనలేని సబ్బు, వాసనలేని నూనె ఆ ఇంటి చట్టం. ఆఫీసులోనూ అంతే. జలుబు చేసినవాళ్ళని గుమ్మంలోనే ఆపేవాడు. ఒకసారి తలకి ఘాటైన నూనె రాసుకొచ్చిన గుమాస్తాని, పెద్దమనిషని కూడా చూడకుండా, ఇంటికెళ్ళి తలంటుకుని రమ్మని పంపేశాడు.

అలాంటి మనిషి నోట్లో, కొన్నాళ్ళ కిందట, కుడివైపు కింది దవడలో, చివరి పన్ను లోపల్లోపలే పుచ్చిపోయింది.

పళ్ళ డాక్టరు స్వయానా భార్య తమ్ముడే. అద్దం లోపలపెట్టి చూసి, "బావగారూ, ఇది పన్ను కాదు, పాడుబడ్డ బావి" అన్నాడు. తీసెయ్యక తప్పదన్నాడు. తీశాడు కూడా. అది ఒక్క పట్టున రాలేదు. పైముక్క విరిగింది, వేళ్ళు ఎముకలో పాతుకుని ఉండిపోయాయి. వాటిని ఒక్కొక్కటే తవ్వి తీస్తుంటే, నొప్పి తెలియకపోయినా, తన ఎముక చేసే చప్పుడు మాత్రం ఛీగారికి చెవిలోంచి కాకుండా లోపల్నించే వినపడింది. ఎవరో పక్కగదిలో కుర్చీ ఈడుస్తున్నట్టు.

పని అయ్యాక బావమరిది చేతి తొడుగులు తీస్తూ జాగ్రత్తలు చెప్పాడు. "ఆ గుంటలో నెత్తురు గడ్డకడుతుంది బావగారూ. ఆ గడ్డే మీకు కట్టు, అదే మందు. దాన్ని కదిలించకండి. స్ట్రాతో ఏదీ పీల్చొద్దు. గట్టిగా ఉమ్మొద్దు. పుక్కిలించొద్దు. సిగరెట్టు మీకెలాగూ లేదు. కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండండి."

ఛీగారు దూది కరుచుకున్న నోటితో తలూపాడు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి ఆయన. మర్నాడు స్ట్రా ముట్టుకోలేదు. పుక్కిలించలేదు. ఇంటిపట్టున ఉండడం ఒక్కటే కుదర్లేదు. కొత్త ఆకు శాంపిళ్ళు ఆ పొద్దున్నే వచ్చాయి. ఆయన వెళ్ళి కప్పుల వరస ముందు నిలబడ్డాడు.

టీ రుచి చూడడమంటే తాగడం కాదు. చెంచాడు టీ పెదాల దగ్గర పెట్టుకుని, గాలితో సహా ఒక్కసారిగా లోపలికి లాగాలి. గుడ్డ చించినట్టు చప్పుడవ్వాలి. అలా లాగితేనే టీ తుంపరై అంగిలి మీదా ముక్కు వెనకా పడి తన గుణం చెబుతుంది. నాలుక మీద ఒకసారి దొర్లించి, పక్కనే చక్రాల మీద నడిచే తొట్టిలోకి సన్నటి ధారగా ఊసెయ్యాలి. మళ్ళీ పక్క కప్పు. వరస చివరిదాకా అంతే. ఇది ఛీగారి వృత్తి. ఇది పీల్చడమనీ, ఇది ఉమ్మడమనీ ఆయనకి తట్టనే లేదు. ఆయన లెక్కలో పీల్చడమంటే పిల్లలు స్ట్రాతో చేసేది. ఉమ్మడమంటే రోడ్డు మీద మర్యాద లేనివాళ్ళు చేసేది.

వరస సగంలో ఉండగా మెత్తటిదేదో జారి నాలుక మీదికొచ్చింది. చల్లగా, ఉప్పగా, పచ్చి కాలేయం ముక్కలా ఉంది. టీతోపాటు దాన్నీ ఊసేశాడు. వెనక కప్పులు సర్దుతున్న చిన్న టేస్టరు, ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్న అమ్మాయి, తొట్టిలోకి చూసింది.

"సార్, నెత్తురు."

"నిన్నటిదిలే" అన్నాడాయన. పక్క కప్పు అందుకున్నాడు.

మర్నాటి సాయంత్రానికి నొప్పి మొదలైంది. పన్ను ఉన్నప్పటి నొప్పి దీని ముందు చుట్టపుచూపుగా వచ్చిపోయినట్టే అనిపించింది. చెవి లోపల్నించి గడ్డం దాకా ఎవరో ఎర్రగా కాలిన తీగ దూర్చి అటూ ఇటూ లాగుతున్నట్టుంది. అదైనా ఆయన ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేకపోయింది రుచిని. జీవితమంతా రుచులకి పేర్లు పెట్టిన మనిషి కాబట్టి, వద్దనుకున్నా దీనికీ పేర్లు దొరికాయి. మొదట తడి అంట్లగుడ్డ. తర్వాత పూలు కుళ్ళిన కూజాలో అడుగున మిగిలిన నీళ్ళు. ఆ తర్వాత, ఎక్కడో బీరువా వెనక ఎలక చచ్చి, ఎవరూ కనిపెట్టని గది. మింగితే కడుపులోకి పోతోంది. మింగకపోతే నోట్లో ఊరుతోంది. నాలుక మాత్రం ఊరుకోదు. పదేపదే ఆ గుంటలోకి వెళ్ళి తడుముతుంది. అక్కడ ఎండిపోయిన, గరుకైన గోడ తగులుతుంది. అది తన ఎముక అని తెలిసి ఒళ్ళు జలదరించేది. అయినా నాలుక మళ్ళీ అక్కడికే వెళ్ళేది.

"ఏవండీ" అంది భార్య, భోజనాల బల్ల దగ్గర, "కాస్త అటు తిరిగి మాట్లాడతారా?"

ఆయన అటు తిరిగాడు. చెప్పాల్సింది మర్చిపోయాడు. ఆ రాత్రి ఆవిడ తన దిండు తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది. తలుపు దగ్గర ఆగి, "మీ గురక వల్ల" అంది. ఆయనకి గురక లేదని ఇద్దరికీ తెలుసు.

బావమరిది మళ్ళీ నోట్లో దీపం పెట్టి చూశాడు. మొహం పక్కకి తిప్పుకుని ఒకసారి ఊపిరి పీల్చుకుని మళ్ళీ చూశాడు. "గడ్డ లేదు బావగారూ. ఎముక బయటపడింది. ఏం చేశారు?"

"నువ్వు చెప్పినవేవీ చెయ్యలేదు."

"స్ట్రా?"

"లేదు."

"పుక్కిలించడం? ఉమ్మడం?"

"నేనెందుకు ఉమ్ముతానయ్యా."

"మరి ఆఫీసుకెళ్ళారా?"

"వెళ్ళి నా పని నేను చేసుకున్నాను."

బావమరిది బల్ల మీద గ్లాసులో ఉన్న మంచినీళ్ళతోపాటు మందు కలుపుకునే చెంచా తీసి ఆయన చేతికిచ్చాడు. "ఆ పనేదో ఒకసారి నాకు చేసి చూపించండి."

ఛీగారు చూపించాడు. దవడ భగ్గుమంటున్నా, చూపించాల్సి వచ్చినప్పుడు సగంసగం చూపించడం ఆయనకి చేతకాదు. ఆ చప్పుడుకి బయట కూర్చున్న రోగి ఒకాయన తలుపు తెరిచి తొంగిచూశాడు. ఛీగారు నీళ్ళని నాలుక మీద దొర్లించి, పక్కనున్న చిన్న తొట్టిలోకి సన్నటి ధారగా ఊశాడు. ఒక్క చుక్క కూడా అంచుమీద పడలేదు.

బావమరిది నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆపుకున్నాక తల పట్టుకున్నాడు. "నిజమే. మీరు స్ట్రా వాడలేదు బావగారూ. పంపుసెట్టు వాడారు."

గుంట కడిగి, లవంగ నూనెలో నానబెట్టిన గుడ్డపేలిక కూరాడు. నొప్పి దీపం ఆర్పినట్టు పోయింది. ఛీగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత సుఖంగా ఉంది. ఇంటికెళ్ళి చల్లటి పాలు తాగాడు. లవంగం. మంచినీళ్ళు తాగాడు. లవంగం. ఊపిరి కూడా లవంగమే. ఎలక చచ్చిన గది తలుపు మూసుకుంది కానీ, దాంతోపాటు ఇల్లంతా మూసుకుపోయింది.

"నయమయ్యేదాకా కప్పుల జోలికి పోకండి" అని బావమరిది గట్టిగా చెప్పాడు. "సెలవు పెట్టండి. రోజు విడిచి రోజు వచ్చి ఆ పేలిక మార్పించుకోండి."

సెలవు అనే మాట ఛీగారికి పన్ను పీకుడు కంటే ఎక్కువగా గుచ్చుకుంది. ఆ గదిలోకి తను వచ్చిన దారి ఆయనకి బాగా గుర్తుంది. తనకంటే ముందు ఆ కప్పుల దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. ముక్కులో కండ పెరిగి ఆపరేషనుకి సెలవు పెట్టాడు. అప్పుడు కుర్రాడైన తనని తాత్కాలికంగా నిలబెట్టారు. పెద్దాయన తిరిగొచ్చాక అందరూ ఆయన్ని ఆప్యాయంగా పలకరించారు, కాఫీ ఇచ్చారు, ఎలా ఉందని అడిగారు. కప్పుల దగ్గరికి మాత్రం ఎవరూ రమ్మనలేదు. తనూ అనలేదు. ఒకసారి చెడిందని పేరుపడ్డ నాలుకని ఆ వ్యాపారంలో ఎవరూ నమ్మరు. ఇప్పుడు చిన్న టేస్టరు ఉంది. బాగా చూస్తుంది. అదే భయం.

అందుకని ఆఫీసు స్నానాలగదిలో గడియ పెట్టుకుని, ఇంట్లోంచి తెచ్చిన, భార్య కనుబొమలు సరిచేసుకునే పట్టకారుతో ఆ పేలికని లాగేశాడు. అది వస్తూనే ఉంది. అంత చిన్న గుంటలో అంత పొడుగు పేలిక ఎలా పట్టిందో అర్థం కాలేదు. చివరికొచ్చేసరికి గోధుమరంగులో, జిగురుగా, లవంగమూ చీమూ కలిసిన కంపు కొడుతూ వేలాడింది. నీళ్ళల్లో పడేసి, అది పోయేదాకా మొహం తిప్పుకుని నిలబడ్డాడు. నొప్పి తిరిగొచ్చింది. దాంతోపాటు నాలుకా తిరిగొచ్చిందనుకున్నాడు. బావమరిది ఫోన్ చేస్తే, తగ్గిపోయిందని చెప్పాడు.

ఆ తర్వాతే కొండమీద ఫ్యాక్టరీ టీలో ఆయనకి కుళ్ళు తగిలింది. ఎన్నో ఏళ్ళుగా "ఊఁ" అనిపించుకుంటున్న టీ అది. మొదటి చెంచాకే ముక్కు దగ్గర గీతలు పడ్డాయి. "ఛీ. ఆకు తడిసి నిలవుంది. కాదని ఎవరికి చెబుతారు?" మేస్త్రీ బస్తాలు బయటికి లాగించాడు. ఇంకో తోటది కూడా ఛీ. మరొకటి సర్లే, మర్నాటికి అదీ ఛీ. ఆయన వెనకే ఆ కప్పులు రుచి చూస్తూ వచ్చిన చిన్న టేస్టరు కప్పు కింద పెట్టి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ చూసేది.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి వరసలోనూ మొదటి కప్పు స్టాండర్డు. అందరూ కలిసి బాగుందని ఒప్పుకుని, గాలి చొరని డబ్బాలో దాచిన టీ. ముందు దాన్ని చూసి, దానితో పోల్చి మిగతావాటి సంగతి చెప్పాలి. చిన్నవాళ్ళ చేత ఛీగారే ఆ పని ముక్కుపిండి చేయించేవాడు. తను మాత్రం మానేసి చాలా కాలమైంది. స్టాండర్డు తన నాలుక మీదే ఉందని ఆయన నమ్మకం.

ఛీగారు చేతులు తుడుచుకుని తలుపు తోశాడు.

మేస్త్రీ గబుక్కున లేచి నిలబడ్డాడు. చిన్న టేస్టరు లేవలేదు, అప్పటికే నిలబడి ఉంది. బల్ల మీద రెండే కప్పులు. ఆవిరి ఇంకా లేస్తోంది.

"సార్" అంది, "కొండమీద టీ మళ్ళీ పెట్టాను. పక్కన స్టాండర్డు. మీరు ఒక్కసారి రెండూ కలిపి చూస్తే, నాకెక్కడ తెలియట్లేదో నేర్చుకుంటాను."

"ఛీగారికి స్టాండర్డు ఎందుకమ్మాయీ" అన్నాడు మేస్త్రీ. అనేసి నాలిక్కరుచుకున్నాడు. "అంటే, సార్‌కి."

ఛీగారు విననట్టే చెంచా అందుకున్నాడు. వద్దనొచ్చు. కానీ నేర్చుకుంటానన్న మనిషితో వద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. కొండమీద టీ లాగాడు. చప్పుడు సగమే వచ్చింది, దవడ పట్టేసింది. ఎలక చచ్చిన గది. ఊసి, "ఛీ" అన్నాడు.

మేస్త్రీ చిన్న టేస్టరు వైపు చూసి కనుబొమలెగరేశాడు.

ఛీగారు రెండో కప్పులో చెంచా ముంచాడు. లాగాడు. దొర్లించాడు.

అదే గది. అదే ఎలక.

మళ్ళీ చూడాలనిపించింది, చూడలేదు. ఇద్దరూ ఆయన మొహం వైపే చూస్తున్నారు. ముక్కు దగ్గర గీతలు పడబోతుంటే బలవంతాన ఆపుకున్నాడు. ఆపుకోవడం ఇంత కష్టమని ఇన్నాళ్ళూ తెలియదు. నోట్లో ఉన్నదాన్ని ఊసి, తల పంకించి, "ఊఁ" అన్నాడు.

"చూశావా" అన్నాడు మేస్త్రీ. "మంచిది మంచిదే, కుళ్ళింది కుళ్ళిందే. ఇంక లారీ ఎక్కిస్తాను." బయటికి వెళ్ళిపోయాడు.

చిన్న టేస్టరు కప్పుల వైపు చూడడం లేదు. ఆయన కుడి చెంప వైపు చూస్తోంది. అక్కడ వాపు కాలర్ దాకా దిగింది. "ఊఁ" అన్నప్పుడు బయటికొచ్చిన ఊపిరి బల్ల దాటి ఆమె దాకా వెళ్ళిందేమో, ఆమె ఒక అరడుగు వెనక్కి జరిగింది. జరిగినట్టు కనిపించకూడదని చేతిగుడ్డ కోసం వంగింది. ఆయన చెంచా తీసుకుని తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది.

ఆ మర్యాద ఛీగారు చూడలేకపోయాడు.

స్నానాలగదిలోకి వెళ్ళి, గడియ పెట్టి, అద్దం ముందు నోరు తెరిచాడు. పూర్తిగా తెరుచుకోలేదు. పెదవి మూల వేలితో లాగి, దవడ కింద నొక్కాడు. బూడిదరంగు గుంటలోంచి పసుపచ్చని బొట్టొకటి ఉబికి, చిగురు మీదుగా మెల్లగా నాలుక అంచుకి జారింది.

ఆయనకి వెంటనే తెలిసిపోయింది. కొండమీద టీ ఇదే. ఏ మాత్రం తేడా లేదు. పక్క తోటదీ ఇదే. మొన్న "సర్లే" అన్నది కూడా ఇదే, కాస్త పల్చగా. ఎవరో ఎక్కడో ఎండబెట్టి, వేడిచేసి, జల్లించి పంపిన ఆకులో తన చీము తనే కలిపి, తనే రుచి చూసి, ముక్కు మూసుకున్నాడు.

వంగి అంతా కక్కేశాడు. కక్కుతుంటే దవడ చీలిపోతున్నట్టుంది. మొహం కడుక్కుని అద్దంలో చూసుకుంటే, చీము కన్నా ఎక్కువ రోత పుట్టించింది ఆ "ఊఁ". కంపు కొడుతోందని నాలుక చెబుతుంటే బాగుందని నోరు అనడం ఆయన జీవితంలో అదే మొదలు. ఛీ అనడంలో పొరపాటు పడ్డాడు, అది రోగం. ఊఁ అనడం పొరపాటు కాదు, తెలిసి చెప్పిన అబద్ధం.

ఫోన్ తీసి బావమరిదికి చేశాడు.

"తగ్గలేదయ్యా."

"తెలుసు. మా అక్కయ్య చెప్పింది." బావమరిది గొంతులో నవ్వు లేదు. "పేలిక ఉందా?"

"తీసేశాను."

"వాపు ఎక్కడిదాకా వచ్చింది?"

"మెడ మీదికి."

"వెంటనే రండి. లోపల ఎముక ముక్క చచ్చిపోయి ఉంటుంది, కోసి తియ్యాలి. ఆసుపత్రిలో ఉండాల్సి రావచ్చు."

"నాలుక?"

"ఏం నాలుక?"

"రుచి ఎప్పటికి సరిగ్గా తెలుస్తుంది?"

"ముందు దవడ నిలవనివ్వండి బావగారూ. నాలుక సంగతి నేనిప్పుడు చెప్పలేను. ఆ పక్క నరం దగ్గరే కొయ్యాలి. తెలియచ్చు, సగమే తెలియచ్చు. మాటివ్వలేను."

బయట లారీ హారన్ మోగింది. ఛీగారు జేబురుమాలు నోటికి అడ్డంపెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. హమాలీలు మొదటి బస్తా ఎత్తుతున్నారు. మేస్త్రీ పక్కన నిలబడి కేకలు వేస్తున్నాడు. మేనేజరు మెట్ల మీద నిలబడి, ఇన్ని బస్తాలు ఎందుకు వెనక్కి పోతున్నాయో అర్థంకాక చూస్తున్నాడు. చిన్న టేస్టరు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

బస్తాలు ఆపడానికి నిజం చెప్పక్కర్లేదని ఛీగారికి ఆ నాలుగడుగుల్లోనే తోచింది. ఇంకోసారి చూద్దాం అంటే చాలు. ఆయన అంటే ఎవరు కాదంటారు? ఆసుపత్రికి ఏదో వంక చెప్పొచ్చు.

"ఆపవయ్యా" అన్నాడు మేస్త్రీతో. "ఇంకోసారి చూద్దాం."

"ఎందుకు సార్?" మేస్త్రీ ఆశ్చర్యంగా చూశాడు. "మీరు ఊఁ అన్నది స్టాండర్డుకి కదా. దీన్ని ఇప్పుడే కదా ఛీ అన్నారు. చూసిందాన్ని మళ్ళీ చూడ్డమేంటి, మీరేమన్నా కొత్తవారా?" అని మేనేజరు వైపు తిరిగి, గర్వంగా, "సార్ నాలుక ఒక్కసారే చెబుతుంది సార్. రెండోసారి అవసరం ఉండదు" అన్నాడు.

మేనేజరు తలూపాడు. హమాలీ బస్తా వీపు మీద పెట్టుకుని, దించాలో ఎక్కించాలో తెలియక వంగి నిలబడ్డాడు.

ఛీగారు జేబురుమాలు తీసేశాడు. దగ్గర్లో ఉన్న మేస్త్రీ అప్రయత్నంగా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఆ బస్తా దించు. కుళ్ళు టీలో లేదు, నా నోట్లో ఉంది. స్టాండర్డు కూడా నాకు కుళ్ళుగానే తగిలింది. అయినా ఊఁ అన్నాను. పన్ను తీయించుకున్నప్పట్నించీ నేను చూసినవన్నీ ఆ అమ్మాయి మళ్ళీ చూస్తుంది. ఆమె చెప్పిందే లెక్క. నేను ఇప్పుడు ఆసుపత్రికి వెళ్తున్నాను. తిరిగొచ్చాక కూడా కప్పుల దగ్గర నిలబడను."